చేప తలకాయ తింటే తెలివి పెరుగుతుందా? చేప మెదడులో కొవ్వు వేరు, కండలో కొవ్వు వేరు

ఈరోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నా. ఆరు నెలల కింద నేనొక షార్ట్ పెట్టాను, కొంతమందికి గుర్తుండే ఉంటుంది. నలభై సెకన్ల వీడియో. "చేప ఏదైనా చేపే, ఒమేగా-3 ఫుల్లుగా ఉంటుంది, వారానికి రెండుసార్లు లాగించండి" అని చెప్పాను. మన ఛానెల్లో బాగా ఆడిన షార్టుల్లో అదొకటి. అందులో వారానికి రెండుసార్లు అన్నది కరెక్టే. చేప ఏదైనా చేపే అన్నది మాత్రం తప్పు.

ఎలా తెలిసిందంటే, మా అక్క ఫోన్ చేసింది. తనకి ఇప్పుడు ఏడో నెల. "ఒరేయ్, నువ్వు చెప్పావు కదా అని వారానికి మూడు రోజులు శీలావతి పులుసే తింటున్నా. డాక్టరమ్మకి గొప్పగా చెప్తే, ఏ చేపమ్మా అని అడిగింది. చేప చేపే కదండీ అన్నాను. ఆవిడ నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పు" అంది. వెనక నుంచి అమ్మ గొంతు: "తలకాయ తినమను, తలకాయలోనే బలమంతా. బిడ్డకి తెలివి వస్తుంది." నేను కోడింగ్ చేసేటప్పుడు ప్రొడక్షన్‌లో బగ్ పెడితే మహా అయితే ఒక వెబ్‌సైట్ ఆగిపోయేది. ఇక్కడ నా బగ్‌ని మా అక్క వారానికి మూడు రోజులు అన్నంలో కలుపుకుని తింటోంది. సో, కూర్చుని సరిగ్గా చదివాను. ఆ చదివిందే ఈ ఎపిసోడ్.

ముందు ఒక్క విషయం క్లియర్ చేసుకుందాం. చేపలో కొవ్వు అనగానే మనకి ఒకటే గుర్తొస్తుంది, పులుసు మీద తేలే నూనె. కానీ చేప ఒంట్లో కొవ్వు రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒకటి, నిల్వ ఇంధనం. బండికి పెట్రోల్ ట్యాంక్ లాగా. దీన్ని ట్రైగ్లిజరైడ్ అంటారు. కండలో, పొట్ట దగ్గర, కొన్ని చేపల్లో లివర్‌లో నిల్వ ఉంటుంది. రెండోది, గోడ. ప్రతి కణం చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది కదా, ఆ పొర కట్టేది కూడా కొవ్వుతోనే. దాన్ని ఫాస్ఫోలిపిడ్ అంటారు. ఇంధనం ఖర్చయిపోతే చేప సన్నబడుతుంది, అంతే. గోడ పాడైతే కణమే పనిచేయదు.

మెదడులో ఉండే కొవ్వు ఎక్కువగా ఈ గోడ రకం. కండలో, ముఖ్యంగా కొవ్వు చేపల కండలో, ఎక్కువగా ఇంధనం రకం. ఈ తేడా పట్టుకుంటే మిగతా కథ సగం అర్థమైపోయినట్టే.

ఇప్పుడు కొంచెం కెమిస్ట్రీ. పారిపోకండి, ఇంటర్‌లో చదివినంత కూడా లేదు. ఫ్యాటీ ఆసిడ్ అంటే కార్బన్ల గొలుసు. గొలుసులో అన్నీ మామూలు లింకులే ఉంటే అది నిటారుగా ఉంటుంది. పక్కపక్కన చక్కగా పేర్చుకుని గడ్డ కడుతుంది. మధ్యలో డబుల్ బాండ్ వస్తే అక్కడ గొలుసు వంగుతుంది. వంగిన కర్రల్ని మోపు కట్టడం కష్టం కదా, అలాగే అవి దగ్గరగా పేరుకోలేవు, అందుకే ద్రవంగా ఉంటాయి. నంబర్లు చూడండి. 18 కార్బన్లు, డబుల్ బాండ్ ఒక్కటీ లేని స్టియరిక్ ఆసిడ్ కరగాలంటే 69 డిగ్రీలు కావాలి. అదే 18 కార్బన్లకి ఒక్క డబుల్ బాండ్ పెడితే ఒలీయిక్ ఆసిడ్, 13 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. 22 కార్బన్లు, ఆరు డబుల్ బాండ్లు ఉన్నదాని పేరు డీహెచ్‌ఏ. అది మైనస్ 44 డిగ్రీల దాకా గడ్డ కట్టదు. చలికాలం పొద్దున నెయ్యి సీసా గడ్డ కట్టి, పక్కనే పల్లీ నూనె మామూలుగానే ఉంటుంది చూడండి. ఆ తేడాకి కారణం ఇదే.

చేపకి దీంతో పనేంటి? మన ఒళ్ళు ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. చేపకి ఆ సౌకర్యం లేదు. చాలా చేపలకి నీళ్ళు ఎంత చల్లగా ఉంటే ఒళ్ళూ అంతే చల్లన. ఐదు డిగ్రీల నీళ్ళలో ఈదే చేప కణాల గోడలు నెయ్యి లాంటి కొవ్వుతో కట్టి ఉంటే, గోడ బిగుసుకుపోతుంది. నరాల సిగ్నల్ నడవదు. అందుకే నీళ్ళు చల్లబడే కొద్దీ చేప తన గోడల్లో వంగిన కొవ్వుల్ని పెంచుకుంటుంది. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ కాసిన్స్ టీమ్ కార్ప్ చేపల మీద ఇది చూపించింది. వెచ్చటి నీళ్ళలో ఉన్న కార్ప్‌ని మెల్లగా చల్లటి నీళ్ళకి అలవాటు చేస్తే, కొద్ది రోజుల్లోనే దాని లివర్‌లో కొవ్వు గొలుసుకి మడత పెట్టే ఎంజైమ్ తయారీ పెరిగిపోయింది. 1996లో సైన్స్ పత్రికలో వచ్చింది. వాతావరణం మారితే సెట్టింగ్స్ తనే మార్చుకునే సిస్టమ్ అన్నమాట. నాకైతే ఆ పేపర్ చదువుతుంటే అసూయ వేసింది. మా ఆటోస్కేలింగ్ ఎప్పుడూ అంత నీట్‌గా పనిచేయలేదు.

ఇక మెదడు దగ్గరికి వద్దాం. మెదడులో, ఇంకా ఎక్కువగా కంటి రెటీనాలో, డీహెచ్‌ఏ వాటా చాలా ఎక్కువ. చేపకి మాత్రమే కాదు, మనకీ అంతే. ఇక్కడ అసలు ఇంట్రెస్టింగ్ పాయింట్ ఏంటంటే, చేపకి మీరు ఏ మేత పెట్టినా దాని కండలో కొవ్వు మేతని బట్టి మారిపోతుంది. మెదడులో మాత్రం డీహెచ్‌ఏ అంత తేలిగ్గా తగ్గదు. చేప నూనె బదులు వెజిటబుల్ ఆయిల్ కలిపిన మేత పెట్టి చాలా రకాల చేపల మీద చూశారు. కండలో డీహెచ్‌ఏ బాగా పడిపోతుంది, మెదడు మాత్రం ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నా భాషలో చెప్పాలంటే కండ కొవ్వు లాగ్ ఫైల్, చేప ఏం తిందో అందులో రాసి ఉంటుంది. మెదడు కొవ్వు సిస్టమ్ ఫైల్, ఎవరు పడితే వాళ్ళు ఎడిట్ చేయలేరు.

మరి ఆ సిస్టమ్ ఫైల్‌కే కరువొస్తే? అది ఎదిగే వయసులో వస్తే దెబ్బ గట్టిగానే తగులుతుంది. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ యూనివర్సిటీ వాళ్ళు హెర్రింగ్ చేప పిల్లల మీద చేసిన పని 1995లో వచ్చింది. కొన్ని పిల్లలకి డీహెచ్‌ఏ ఉన్న తిండి, కొన్నిటికి లేనిది. వెలుతురు బాగా ఉన్నప్పుడు పెద్ద తేడా లేదు. వెలుతురు తగ్గించేసరికి డీహెచ్‌ఏ అందని పిల్లలు ఎరని సరిగ్గా పట్టుకోలేకపోయాయి. మసక వెలుతురులో చూసే రాడ్ కణాలకి ఆ కొవ్వు అంత అవసరం. సముద్రంలో మసక వెలుతురులో ఎర కనపడకపోతే ఆ పిల్ల ఆ పూట పస్తే, లేదా ఇంకోదానికి ఎర.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. చేప డీహెచ్‌ఏ తయారు చేసుకోదా? నేను షార్ట్‌లో చెప్పింది కూడా అలాగే వినిపిస్తుంది, చేపే ఒమేగా-3 ఫ్యాక్టరీ అన్నట్టు. కాదు. ఫ్యాక్టరీ నీళ్ళలో ఉండే సూక్ష్మ నాచు. దాన్ని కంటికి కనపడీ కనపడని జంతుప్లవకాలు తింటాయి, వాటిని చిన్న చేపలు తింటాయి, చిన్న చేపల్ని పెద్ద చేపలు. చేప చాలా వరకు డెలివరీ బాయ్ మాత్రమే. సముద్రపు చేపల్లో చాలావాటికి సొంతంగా చేసుకునే శక్తి దాదాపు లేదు. తిండిలో పుష్కలంగా దొరుకుతుంటే ఎందుకు చేసుకుంటాయి! మంచినీటి చేపలు, అంటే కార్ప్, తిలాపియా లాంటివి, 18 కార్బన్ల ఏఎల్‌ఏ అనే చిన్న ఒమేగా-3 దొరికితే దాన్ని పొడిగించి, మడతలు పెంచి కొంత డీహెచ్‌ఏ చేసుకోగలవు. కానీ ముడిసరుకు దొరకాలి కదా. అక్కడే మా అక్క పులుసు దగ్గరికి వచ్చాం.

హైదరాబాద్‌లో ముషీరాబాద్ మార్కెట్‌కి వెళ్ళి శీలావతి, బొచ్చె కొంటే, అవి చాలా వరకు ఆంధ్రా చెరువులవే. భీమవరం, ఆకివీడు, కైకలూరు, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళు. మాదీ ఆ వైపే కాబట్టి చెరువు గట్టు మీద మేత బస్తాలు చూస్తూనే పెరిగాను. బస్తాలకి కన్నాలు పొడిచి, కర్రలకి కట్టి చెరువులో వేలాడదీస్తారు, చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ఆ బస్తాల్లో ఉండేది ఎక్కువగా నూనె తీసేసిన తవుడు, కొంచెం వేరుశనగ చెక్క లాంటివి. తవుడులో నూనె ముందే మిల్లు వాళ్ళు పిండుకున్నారు. మిగిలింది పిండిపదార్థం, ప్రోటీన్. వేరుశనగలో ఒమేగా-3 లేనట్టే. అంటే చేపకి పిండి నుంచి కొవ్వు చేసుకోవడం తప్ప దారి లేదు. అలా చేసుకునేది పాల్మిటిక్, ఒలీయిక్ లాంటి మామూలు ఇంధనం కొవ్వు. లాగ్ ఫైల్‌లో "తవుడు, తవుడు, తవుడు" అని రాసి ఉంటుందన్నమాట.

అలాగని చెరువు చేపలో ఏమీ లేదని కాదు. ఈ వీడియో చూసి మళ్ళీ ఇంకో పక్కకి ఒరిగిపోవద్దు. చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయి కదా, అది నాచు. బొచ్చె జంతుప్లవకాల్ని బాగానే తింటుంది. అక్కడి నుంచి కొంత డీహెచ్‌ఏ వస్తుంది. ప్రోటీన్ అయితే ఫస్ట్ క్లాస్. కాకపోతే లెక్క చూడండి. వంద గ్రాముల శీలావతి కండలో రెండు గ్రాముల కొవ్వు ఉందనుకుందాం. అందులో డీహెచ్‌ఏ నాలుగు శాతం అనుకుంటే 80 మిల్లీగ్రాములు. అదే వంద గ్రాముల కవళ్ళు తీసుకుంటే, సీజన్‌ని బట్టి మారినా, ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి గ్రాము అటూఇటూ వస్తుంది. అంటే 1000 మిల్లీగ్రాములు. పది రెట్లకి పైనే. ఈపీఏ అంటే డీహెచ్‌ఏకి అన్నదమ్ముడు, 20 కార్బన్లు, ఐదు డబుల్ బాండ్లు.

ఇక్కడ తమాషా ఏంటంటే రేటుకీ దీనికీ సంబంధమే లేదు. కొరమేను కిలో రేటు వింటే గుండె ఝల్లుమంటుంది, కానీ అది పలచటి కొవ్వున్న చేప. కవళ్ళు, కానాగంతలు మార్కెట్‌లో చవగ్గా పడి ఉంటాయి, ముళ్ళని చాలామంది ముట్టుకోరు. ఇక పులస. గోదావరి వాళ్ళ దగ్గర పులస గురించి తక్కువ చేసి మాట్లాడి బతికి బట్టకట్టలేం, నేనూ ఆ జిల్లా వాడినే. వానాకాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆ ప్రయాణానికి ఒళ్ళంతా ఇంధనం నింపుకుని బయల్దేరుతుంది. ఆ రుచి ఆ కొవ్వుదే. అందులో పెద్ద వాటా ఒలీయిక్, పాల్మిటిక్ లాంటి ఇంధనం కొవ్వులది. కొవ్వు మొత్తమే ఎక్కువ కాబట్టి ఒమేగా-3 కూడా వస్తుంది. కానీ ఒమేగా-3 కోసమే పుస్తెలు అమ్మాల్సిన పని లేదు, కవళ్ళు చాలు.

అమెరికా నుంచి చూసేవాళ్ళు "మాకు సాల్మన్ ఉంది బ్రో" అంటారు. ఉంది. కానీ అక్కడా ఇదే కథ. స్కాట్లాండ్ ఫారమ్ సాల్మన్‌లో ఈపీఏ, డీహెచ్‌ఏ 2006 నుంచి 2015 మధ్యలో సుమారు సగానికి పడిపోయాయి. మేతలో చేప నూనె తగ్గించి వెజిటబుల్ ఆయిల్ కలపడమే కారణం. సగమైనా ఇంకా మంచి సోర్సే, అది వేరే విషయం.

సరే, అమ్మ చెప్పిన తలకాయ సంగతి. మెదడులో డీహెచ్‌ఏ గట్టిగా ఉంటుందని నేనే చెప్పాను కదా, అయితే అమ్మ గెలిచినట్టేనా? లెక్క వేద్దాం. కిలో చేపలో మెదడు మహా అయితే గ్రాము అటూఇటూ. ఒక శనగ గింజంత. అందులో ఎక్కువ భాగం నీళ్ళే, కొవ్వు పదో వంతు కూడా ఉండదు. ఆ కొవ్వులో డీహెచ్‌ఏ వాటా తీస్తే పది, పదిహేను మిల్లీగ్రాములు. అంతే. శాతంలో రాజు, తూకంలో బికారి. పైగా తిన్న మెదడు సరాసరి మన మెదడుకి వెళ్ళదు. పేగుల్లో ముక్కలైపోతుంది. మన మెదడు గేటు దగ్గర కూడా ఒక సెక్యూరిటీ ఉంది. ఎంఎఫ్‌ఎస్‌డీ2ఏ అనే ప్రోటీన్ డీహెచ్‌ఏని ఒక ప్రత్యేకమైన రూపంలో లోపలికి పంపిస్తుందని 2014లో సింగపూర్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద కనిపెట్టారు. ఆ గేటు లేని ఎలుకలకి మెదడే చిన్నగా ఉండిపోయింది.

కానీ అమ్మ పూర్తిగా ఓడిపోలేదు. తలకాయలో మెదడొక్కటే కాదు, కళ్ళ వెనక మెత్తటి కొవ్వు, బుగ్గల కండ, బంక లాంటి కొల్లాజెన్ కూడా ఉంటాయి. టూనా చేపలో ఆ కళ్ళ వెనక కొవ్వులో డీహెచ్‌ఏ బాగా ఎక్కువ, జపాన్‌లో దాన్నుంచి నూనె కూడా తీస్తారు. కాబట్టి సముద్రపు చేప తలకాయ పులుసు పెట్టుకుంటే ఉపయోగమే, బలం శనగ గింజలో లేదు, దాని చుట్టూ ఉంది. అమ్మకి ఇదే చెప్పాను. "నేను చెప్పిందీ అదే" అంది.

ఇప్పుడు సీరియస్ భాగం. కడుపులో బిడ్డ మెదడుకి డీహెచ్‌ఏ ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లో. మా అక్క ఉన్నది సరిగ్గా అక్కడే. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 250 మిల్లీగ్రాములు, గర్భిణులకి దానిపైన ఇంకో 100 నుంచి 200 డీహెచ్‌ఏ. ఇందాకటి శీలావతి లెక్కతో వారానికి మూడు పూటలు తిన్నా, ఒక్కరోజు కోటా దగ్గరకి వచ్చి ఆగిపోతుంది. డాక్టరమ్మ నవ్వింది ఇందుకే.

దీనివల్ల లాభం ఏంటని చూస్తే, 2018లో కాక్రేన్ సమీక్ష 70 ట్రయల్స్‌ని కలిపి చూసింది. గర్భిణులకి ఒమేగా-3 బాగా అందినప్పుడు 37 వారాల ముందే జరిగే కాన్పులు సుమారు 11 శాతం తగ్గాయి, 34 వారాల ముందు జరిగేవి 42 శాతం తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. మరి తెలివి? ఆస్ట్రేలియాలో రోజుకి 800 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ ఇచ్చి చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. పిల్లల తెలివితేటల్లో తేడా కనపడలేదు. కాబట్టి "జీనియస్ బేబీ" అని అమ్మే డబ్బాల్ని నమ్మకండి. నెలలు నిండి పుట్టడమే బిడ్డకి మొదటి గిఫ్ట్.

ఇంకో జాగ్రత్త. సముద్రపు చేప అన్నాను కదా అని పెద్ద చేప మీద పడొద్దు. పాదరసం చిన్న చేప నుంచి పెద్ద చేపకి పేరుకుంటూ పోతుంది. అది అంటుకునేది ప్రోటీన్‌కి, కొవ్వుకి కాదు. కాబట్టి తోలు తీసినా, ఎంత ఉడికించినా పోదు. అమెరికా ఎఫ్‌డీఏ గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినొద్దన్న లిస్టులో సొర ఉంది. మన కోస్తాలో బాలింతకి సొర పిట్టు పెట్టడం ఆనవాయితీ అని తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. ఈసారి అక్కకి వద్దని చెప్పాను. అమ్మ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కవళ్ళు, కానాగంతలు చిన్నవి, తక్కువ కాలం బతుకుతాయి, వాటిలో పాదరసం తక్కువ.

చేప తిననివాళ్ళు అవిసె గింజల గురించి అడుగుతారు. వాటిలో ఉండేది ఏఎల్‌ఏ, అంటే ముడిసరుకు. మన ఒంట్లో అది డీహెచ్‌ఏగా మారేది చాలా తక్కువ, ఆడవాళ్ళలో కొంచెం మెరుగు. అసలు ఫ్యాక్టరీ నాచే కదా, నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ దొరుకుతుంది. మధ్యలో చేప అక్కర్లేదు.

క్యాప్సూల్స్ కొనేవాళ్ళు డబ్బా వెనక్కి తిప్పండి. ముందు పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీగ్రాములు అని ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో చాలా వాటికి ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. మిగతా 700 మామూలు కొవ్వు. నేను ఏడాది పాటు ముందు వైపు మాత్రమే చూసి కొన్నాను. ఇక గుండెకి అంటే, 2018లో వచ్చిన వైటల్ అనే ట్రయల్‌లో 25,871 మందిని ఐదేళ్ళకి పైగా చూశారు. ఒమేగా-3 క్యాప్సూల్ వేసుకున్నవాళ్ళలో పెద్ద గుండె సమస్యలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఎక్కువ డోసుల్లో గుండె లయ తప్పే రిస్క్ కూడా ఉంది, డాక్టర్‌ని అడక్కుండా డోసు పెంచకండి.

వండే పద్ధతి గురించి ఒక్క మాట. ఆరు డబుల్ బాండ్లు అంటే ఆక్సిజన్‌కి ఆరు చోట్ల పట్టు దొరికినట్టే, అందుకే డీహెచ్‌ఏ తొందరగా పాడవుతుంది. కొవ్వు చేప ఐస్ లేకుండా మధ్యాహ్నం దాకా ఎండలో ఉంటే ముక్క వాసన వస్తుంది. డీప్ ఫ్రై చేస్తే చేప కొవ్వు మూకుడులోకి, మూకుడు నూనె చేపలోకి. పులుసులో అయితే కారిన కొవ్వు పులుసులోనే ఉంటుంది, దాన్ని మనం ఎలాగూ అన్నంలో కలుపుకుంటాం. నీచు వాసన మాత్రం వేరే కథ, అది అమైన్ల వాసన. చింతపండు పులుపు తగలగానే అణిగిపోతుంది.

పాత షార్ట్ తీసేశాను. అక్క ఇప్పుడు వారానికి రెండుసార్లు కవళ్ళ పులుసు, ఒకసారి శీలావతి. ముళ్ళు తీసుకోవడం విసుగ్గా ఉందని రోజూ నన్నే తిడుతోంది. కానాగంతలకి ముళ్ళు కొంచెం నయం అని నిన్న మెసేజ్ పెట్టాను, ఇంకా బ్లూ టిక్ రాలేదు.